పుట్టుకతో వచ్చే గుండె రంధ్రాలు: చిన్న కోతతో పూడ్చే విధానాలు

పుట్టుకతోనే శిశువు గుండెలో ఉండే రంధ్రాన్ని తెలుగువారు 'గుండెలో చిల్లు' అంటారు. సరిహద్దు జిల్లాలలోని తెలుగు కుటుంబాలు అదే మాటను కన్నడ వైద్యుని నోట 'తూతు' అనీ, తమిళ వైద్యుని నోట 'ఓట్టై' అనీ, మరాఠీలో 'ఛిద్ర' అనీ వింటూ ఉంటాయి. అయితే ఏ రాష్ట్రపు ఆసుపత్రికి వెళ్లినా చీటీ మీద రాసేవి ఏ.ఎస్.డి., వి.ఎస్.డి., పి.డి.ఎ. అనే మూడేసి అక్షరాలే. బిడ్డ రొమ్ము ఎముకను కోయవలసి ఉంటుందా, చంక కింద చిన్న కోత చాలునా, గజ్జ దగ్గర సూది గుచ్చినంత గాయంతోనే పని పూర్తవుతుందా అన్నది ఈ అక్షరాల వెనుక ఉన్న భేదాన్ని బట్టి నిర్ణయమవుతుంది.

సజీవంగా పుట్టిన ప్రతి వెయ్యిమంది శిశువులలో సుమారు ఎనిమిదిమందికి ఏదో ఒక హృదయలోపం ఉంటుంది. ఆ లోపాలలో రంధ్రాలదే పెద్ద వాటా. వీటిని పూడ్చే పద్ధతులు గత యాభై ఏళ్లలో ఎంతో మారాయి. గాయం చిన్నదయింది, ఆసుపత్రిలో ఉండవలసిన రోజులు తగ్గాయి. అయితే ఈ పద్ధతులన్నీ సకాలంలో వచ్చిన బిడ్డకే అందుబాటులో ఉంటాయి. ఆలస్యమైన కొద్దీ చిన్న కోత అవకాశమే కాక, రంధ్రాన్ని పూడ్చే అవకాశమే పోవచ్చును.

గుండె నిర్మాణం, మూడు రకాల రంధ్రాలు

గుండెలో నాలుగు గదులు ఉంటాయి. పైన రెండు కర్ణికలు, కింద రెండు జఠరికలు. కుడివైపు గదులు శరీరం నుండి వచ్చిన చెడు రక్తాన్ని ఊపిరితిత్తులకు పంపుతాయి. ఎడమవైపు గదులు ప్రాణవాయువుతో కూడిన మంచి రక్తాన్ని శరీరమంతటికీ తోడతాయి. ఈ రెండు వైపుల మధ్య గోడ ఉంటుంది. ఎడమవైపు పీడనం ఎక్కువ గనుక, గోడలో రంధ్రం ఉంటే మంచి రక్తంలో కొంత భాగం కుడివైపుకు జారి, మళ్లీ ఊపిరితిత్తులకే చేరుతుంది. చేసిన పనినే మళ్లీ చేయవలసి రావడంతో గుండె అలసిపోతుంది. ఊపిరితిత్తుల రక్తనాళాలపై భారం పెరుగుతుంది.

ఏ.ఎస్.డి. అంటే రెండు కర్ణికల మధ్య గోడలోని రంధ్రం. గర్భస్థ శిశువు ఊపిరి పీల్చదు గనుక ఆ గోడలో సహజంగానే ఒక ద్వారం ఉంటుంది. పుట్టిన తరువాత అది మూసుకోవాలి. ఆ ద్వారం ఉండే మధ్యభాగంలో గోడ సరిగా ఏర్పడకపోతే దానిని 'సెకండమ్' రకం అంటారు. ఏ.ఎస్.డి.లలో అత్యధిక భాగం ఇవే. గోడ అడుగుభాగాన కవాటాల దగ్గర ఉండేది 'ప్రైమమ్' రకం. పైభాగాన పెద్ద సిరలు వచ్చి కలిసేచోట ఉండేది 'సైనస్ వీనోసస్' రకం.

వి.ఎస్.డి. అంటే రెండు జఠరికల మధ్య గోడలోని రంధ్రం. ఎక్కువగా ఇది గోడ పైభాగాన, పలుచని పొర ఉన్నచోట ఏర్పడుతుంది. కొందరిలో కండర భాగంలో ఉంటుంది. మరికొందరిలో పుపుస ధమని కవాటం కిందనే ఉంటుంది. ఈ చివరి రకం పాశ్చాత్య దేశాలలో కన్నా ఆసియా ప్రజలలో ఎక్కువగా కనిపిస్తుంది.

పి.డి.ఎ. నిజానికి గోడలోని రంధ్రం కాదు. మహాధమనినీ పుపుస ధమనినీ కలుపుతూ గర్భంలో ఉండే చిన్న నాళం, పుట్టిన కొద్ది రోజులలో మూసుకుపోకుండా మిగిలిపోవడమే పి.డి.ఎ. నెలలు నిండకుండా పుట్టిన శిశువులలో ఇది ఎక్కువ.

లక్షణాలు ఎప్పుడు కనిపిస్తాయి?

పెద్ద వి.ఎస్.డి., పెద్ద పి.డి.ఎ. ఉన్న శిశువుకు సాధారణంగా పుట్టిన నాలుగు నుండి ఎనిమిది వారాలలో లక్షణాలు మొదలవుతాయి. పాలు తాగుతూ మధ్యమధ్య ఆగిపోవడం, తాగేటప్పుడు నుదుట చెమట పట్టడం, డొక్కలు ఎగరేస్తూ వేగంగా ఊపిరి తీయడం, బరువు పెరగకపోవడం, పదేపదే న్యుమోనియా రావడం వీటిలో ముఖ్యమైనవి. 'బిడ్డకు దిష్టి తగిలింది', 'తల్లిపాలు సరిపోవడం లేదు' అని పెద్దలు సరిపెట్టుకునే లక్షణాలు కూడా ఇవే.

ఏ.ఎస్.డి. ఇందుకు భిన్నం. పైకి ఏమీ తెలియదు. బిడ్డ ఆడుతుంది, చదువుతుంది. పాఠశాల ఆరోగ్య పరీక్షలో వైద్యుడు స్టెతస్కోపు పెట్టి 'మర్మర్' వినబడుతున్నదని చెప్పేవరకు ఇంటివారికి అనుమానమే రాదు. మరికొందరిలో ముప్ఫై, నలభై ఏళ్ల వయస్సున ఆయాసం, గుండెదడ మొదలయినప్పుడు బయటపడుతుంది.

చాలామంది గుండెలో చిల్లు ఉన్న బిడ్డ నీలంగా మారుతుందని అనుకుంటారు. పై మూడు రకాలలో మొదట బిడ్డ నీలంగా మారదు. పుట్టుకతోనే నీలంగా కనిపిస్తే అది వేరొక సంక్లిష్ట లోపానికి సూచన. రంధ్రం మాత్రమే ఉన్న బిడ్డ కొన్నేళ్ల తరువాత నీలంగా మారితే, అది చాలా ఆలస్యమైందనడానికి గుర్తు. ఏళ్ల తరబడి అధిక రక్తప్రవాహాన్ని మోసిన ఊపిరితిత్తుల నాళాలు గట్టిపడి, లోపలి పీడనం ఎడమవైపు పీడనాన్ని మించిపోతుంది. అప్పుడు రక్తం దారి మళ్లి, చెడు రక్తమే కుడి నుండి ఎడమకు వెళ్తుంది. ఆస్ట్రియా వైద్యుడు విక్టర్ ఐసెన్‌మెంగర్ 1897లో ఇటువంటి రోగిని వర్ణించాడు. అందువల్ల దీనికి ఆయన పేరే నిలిచింది. ఈ దశలో రంధ్రమే గుండెకు ఊపిరి సలిపే మార్గంగా మారి ఉంటుంది. దానిని మూసివేస్తే ప్రాణాపాయం. మందులతో ఉపశమనం కలిగించడమే చికిత్స. ఈ స్థితిలో ఉన్న స్త్రీకి గర్భధారణ అత్యంత ప్రమాదకరం.

పెద్ద వి.ఎస్.డి.ని సాధారణంగా మొదటి ఏడాది లోపునే, తరచుగా మూడు నుండి ఆరు నెలల వయస్సులో పూడ్చాలని వైద్యులు చెప్పడానికి కారణం ఇదే. ఇబ్బంది పెట్టని ఏ.ఎస్.డి.కి మూడు నుండి ఐదేళ్ల వరకు వేచి ఉండవచ్చును. అన్ని రంధ్రాలకూ చికిత్స అవసరం లేదు. కండర భాగంలోని చిన్న వి.ఎస్.డి.లు చాలావరకు మొదటి కొద్ది సంవత్సరాలలో వాటంతట అవే మూసుకుపోతాయి. వేచి ఉండదగిన రంధ్రమేదో, వేచి ఉండరాని రంధ్రమేదో ఎకో పరీక్షతో హృద్రోగ నిపుణుడే తేల్చాలి.

పెద్ద కోత నుండి సన్నని గొట్టం వరకు

1938 ఆగస్టులో అమెరికాలోని బోస్టన్‌లో రాబర్ట్ గ్రాస్ అనే వైద్యుడు ఏడేళ్ల బాలికకు పి.డి.ఎ. నాళాన్ని దారంతో కట్టి మూసివేశాడు. అది గుండె బయట జరిగిన పని. గుండె లోపలి రంధ్రాన్ని కుట్టాలంటే రక్తప్రవాహాన్ని ఆపాలి. 1952 సెప్టెంబరు 2న మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో జాన్ లూయిస్ బృందం ఐదేళ్ల బాలిక శరీరాన్ని చల్లబరచి, కొద్ది నిమిషాలపాటు రక్తప్రవాహాన్ని ఆపి ఏ.ఎస్.డి.ని కుట్టింది. 1953 మే 6న ఫిలడెల్ఫియాలో జాన్ గిబ్బన్ తాను రూపొందించిన గుండె-ఊపిరితిత్తుల యంత్రం సాయంతో పద్దెనిమిదేళ్ల యువతికి అదే పని చేశాడు. మరుసటి సంవత్సరం మార్చిలో మిన్నెసోటాలోనే వాల్టన్ లిల్లెహై, తండ్రి రక్తప్రసరణను బిడ్డకు కలిపి, తండ్రి గుండెనే యంత్రంగా వాడుకుని వి.ఎస్.డి.ని పూడ్చాడు. మన దేశంలో యంత్రం సాయంతో గుండె తెరిచే శస్త్రచికిత్సలు 1960ల తొలినాళ్లలో మొదలయ్యాయి. వాటికి ఆద్యులలో వెల్లూరు క్రైస్తవ వైద్య కళాశాల వైద్యుడు ఎన్. గోపీనాథ్ ఒకరు.

ఈ శస్త్రచికిత్సలు ప్రాణాలు నిలిపాయి. కానీ రొమ్ము ఎముకను నిలువునా చీల్చక తప్పేది కాదు. మరొక దారి రక్తనాళాల గుండా దొరికింది. 1929లో జర్మనీ వైద్యుడు వెర్నర్ ఫోర్స్‌మన్ తన చేతి సిరలోకి తానే గొట్టాన్ని పంపుకుని గుండెను చేరవచ్చునని చూపాడు. ఇందుకు ఆయన 1956 నోబెల్ బహుమతిలో భాగస్వామి అయ్యాడు. 1967లో జర్మనీలోనే పోర్స్ట్‌మన్ గొట్టం ద్వారా పి.డి.ఎ.ని మూసివేసిన వృత్తాంతం వెలువడింది. 1975లో అమెరికాలో కింగ్, మిల్స్ అనే వైద్యులు పదిహేడేళ్ల యువతికి ఏ.ఎస్.డి.ని తొలిసారిగా గొట్టం ద్వారా మూశారు. నాటి పరికరాలు మొరటువి. ఆస్ట్రియాలో పుట్టి అమెరికాలో స్థిరపడిన కుర్ట్ ఆంప్లాట్జ్ రూపొందించిన పరికరం 1990ల మధ్యలో వచ్చాకనే ఈ విధానం విస్తృతమైంది. దానికి 2001 డిసెంబరులో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ అనుమతి లభించింది.

గజ్జ మార్గం: పరికరంతో మూసివేత

తల్లిదండ్రుల మాటల్లో 'బటన్ వేయడం', 'గొడుగు పెట్టడం' అని వినిపించేది ఈ విధానమే. పరికరాన్ని నికెల్, టైటానియం మిశ్రమమైన నిటినాల్ తీగతో అల్లుతారు. లాగితే సన్నని గొట్టంలో ఇమిడిపోయి, వదిలితే మళ్లీ తన ఆకారానికి రావడం ఈ లోహపు గుణం. రెండు పళ్లేలను నడుమ చిన్న మెడతో కలిపినట్లు ఇది ఉంటుంది.

బిడ్డకు మత్తు ఇచ్చి, గజ్జ దగ్గర సిరలోకి సన్నని గొట్టాన్ని పంపుతారు. అది కుడి కర్ణికను చేరి, రంధ్రం గుండా ఎడమ కర్ణికలోకి వెళ్తుంది. అక్కడ మొదటి పళ్లెం విప్పుకుంటుంది. గొట్టాన్ని వెనుకకు లాగి, గోడకు ఇవతల రెండవ పళ్లెం విప్పుతారు. గోడ రెండింటి మధ్య చిక్కుకుంటుంది. ఇదంతా ఎక్స్-రే తెర మీదా, ఎకో తెర మీదా చూస్తూ చేస్తారు. పరికరం సరిగా కూర్చోలేదనిపిస్తే వదిలేముందు వెనుకకు తీసుకోవచ్చును. కోత ఉండదు, కుట్లు ఉండవు, గుండెను ఆపవలసిన పని లేదు. చాలామంది ఒకటి రెండు రోజులలో ఇంటికి వెళ్తారు. ఆ తరువాత కొద్ది నెలలలో శరీరపు కణజాలమే పరికరాన్ని కప్పివేస్తుంది.

ఈ విధానం అందరికీ సరిపడదు. పరికరం నిలవాలంటే రంధ్రం చుట్టూ తగినంత అంచు ఉండాలి. సాధారణంగా ఐదు మిల్లీమీటర్ల అంచును కోరుకుంటారు. గోడకు కన్నం పడితే దానికి బిరడా బిగించవచ్చును గాని, గోడ మూలే లేకపోతే బిరడా దేనిని పట్టుకుంటుంది? ప్రైమమ్, సైనస్ వీనోసస్ రకాలు అటువంటివి. ప్రైమమ్ రకంలో కవాటాన్నీ సరిచేయవలసి ఉంటుంది. అందువల్ల ప్రధానంగా సెకండమ్ ఏ.ఎస్.డి.కే ఈ మార్గం.

పి.డి.ఎ.కు నేడు పరికరమే మొదటి ఎంపిక. ఏడు వందల గ్రాముల బరువున్న శిశువుకు సైతం వాడదగిన అతిచిన్న పరికరానికి 2019 జనవరిలో అమెరికాలో అనుమతి లభించింది. వి.ఎస్.డి. విషయంలో ఎక్కువ జాగ్రత్త కావాలి. గుండె లయను నడిపే విద్యుత్ వాహక తంతువులు పలుచని పొర దగ్గరి రంధ్రానికి అంచునే సాగుతాయి. పరికరం వాటిని నొక్కితే గుండె కొట్టుకునే వేగం పడిపోయి పేస్‌మేకర్ అవసరం కావచ్చును. పక్కనే మహాధమని కవాటం కూడా ఉంటుంది. అందుచేత రంధ్రం ఉన్న చోటు, బిడ్డ బరువు చూసి, ఎంపిక చేసిన వారికే ఈ పని చేస్తారు. పుపుస ధమని కవాటం కింది రకానికి సాధారణంగా శస్త్రచికిత్సే మార్గం.

చిన్న కోత శస్త్రచికిత్స

పరికరం సరిపడనివారందరికీ పెద్ద కోత తప్పదనుకోనక్కరలేదు. రొమ్ము ఎముకను పూర్తిగా చీల్చకుండా గుండెను చేరే మార్గాలు మూడు నాలుగు ఉన్నాయి. ఒకటి, ఎముక అడుగుభాగాన్ని మాత్రమే కోయడం. రెండవది, కుడి రొమ్ము కింది ముడుతలో పక్కటెముకల మధ్య కోయడం. మూడవది, కుడి చంక కింద నిలువుగా చిన్న కోత పెట్టడం. చేయి దించితే ఈ మచ్చ కనబడదు. నాలుగవది, చిన్న చిన్న కన్నాల గుండా కెమెరాను, పనిముట్లను పంపి చేసేది. కొన్ని కేంద్రాలలో రోబో చేతులతోనూ దీనిని చేస్తారు. ఇది ప్రధానంగా పెద్దవారికీ, ఎదిగిన పిల్లలకూ వర్తిస్తుంది.

కోత చిన్నదైనా లోపల జరిగే పని పెద్దదే. గుండె-ఊపిరితిత్తుల యంత్రానికి రక్తప్రసరణను అప్పగించి, గుండెను కొంతసేపు నిలిపి, రంధ్రాన్ని నేరుగా కుట్టడమో, అతుకు వేయడమో చేస్తారు. అతుకుకు బిడ్డ హృదయావరణ పొరలోని ముక్కనే వాడవచ్చును, కృత్రిమ వస్త్రాన్నీ వాడవచ్చును. పెద్దవారిలో యంత్రపు గొట్టాలను గజ్జ నాళాలకు కలుపుతారు. చిన్న పిల్లల గజ్జ నాళాలు అంత గొట్టాన్ని పట్టవు గనుక, వారికి ఆ చిన్న కోత గుండానే గొట్టాలు అమర్చాలి. ఇందుకు అనుభవజ్ఞుడైన వైద్యుడు, పిల్లలకు అలవాటైన మత్తు వైద్య బృందం అవసరం.

ఆడపిల్లల విషయంలో ఒక సంగతి గమనించాలి. రొమ్ము కింద పెట్టే కోత మచ్చను దాచినా, ఎదగని బాలికలో అది భావి రొమ్ము కణజాలాన్ని గాయపరిచే ప్రమాదముంది. చంక కింది కోతకు ఆ ప్రమాదం తక్కువ. మచ్చ పడితే రేపు పెళ్లి సంబంధం ఎలా కుదురుతుందని ఆపరేషన్‌ను ఏళ్లకేళ్లు వాయిదా వేసే కుటుంబాలు లేకపోలేదు. మచ్చ కనబడని మార్గం ఉన్నదేమో అడగడం తల్లిదండ్రుల హక్కు. ఆ మార్గం లేదని చెప్పినప్పుడు, దాని కోసం ఐసెన్‌మెంగర్ దశ వచ్చేదాకా ఆగడం మాత్రం బిడ్డ ప్రాణంతో చెలగాటమే.

వీటికి తోడు, రెండు పద్ధతులనూ కలిపినది ఒకటి ఉంది. రొమ్ము ఎముక అడుగున చిన్న కోత పెట్టి, కొట్టుకుంటున్న గుండె మీదనే సూదితో గుచ్చి, జఠరిక గోడ గుండా నేరుగా పరికరాన్ని వి.ఎస్.డి.లో అమరుస్తారు. యంత్రం అక్కరలేదు. గజ్జ నాళాలు మరీ సన్నగా ఉన్న శిశువులకూ, కండర భాగంలోని రంధ్రాలకూ ఇది ఉపకరిస్తుంది. చైనాలో ఈ విధానం విరివిగా వాడుకలో ఉంది.

అపాయాలు, తరువాతి జాగ్రత్తలు

అనుభవం గల కేంద్రాలలో ఈ విధానాలన్నీ చాలావరకు సురక్షితమైనవే. అయినా అపాయం లేని చికిత్స ఉండదు. పరికరం అరుదుగా తన చోటు నుండి జారవచ్చును. అప్పుడు గొట్టంతోనో, శస్త్రచికిత్సతోనో బయటకు తీస్తారు. మరీ అరుదుగా అది పక్కనున్న గోడను ఒరుసుకుని కోతపెట్టవచ్చును. ఛాతీనొప్పి, ఆయాసం, సొమ్మసిల్లడం కనిపిస్తే ఏళ్లు గడిచినా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. నికెల్ లోహం పడనివారు ముందే చెప్పాలి. చిన్న కోత శస్త్రచికిత్సలో గజ్జ నాళాలకు గాయం, ఉదరవితానాన్ని ఆడించే నాడికి దెబ్బ వంటివి అరుదైన చిక్కులు.

ఏ.ఎస్.డి. పరికరం అమర్చిన తరువాత సాధారణంగా ఆరు నెలలపాటు ఆస్పిరిన్ వంటి మందు ఇస్తారు. ఆ ఆరు నెలలలో పన్ను పీకించవలసి వస్తే ముందుగా యాంటిబయోటిక్ తీసుకోవాలి. పంటి నుండి సూక్ష్మజీవులు రక్తంలో చేరి గుండె లోపొరకు సోకే అవకాశం ఉంది. పళ్ల శుభ్రత ఎల్లప్పుడూ అవసరమే. గాయం మానిన తరువాత వైద్యుని అనుమతితో బిడ్డ ఆటలు ఆడవచ్చును. పరికరం ఉన్నంత మాత్రాన ఎం.ఆర్.ఐ. పరీక్షకు సాధారణంగా అడ్డు లేదు. అయితే పరికరపు కార్డును వెంట చూపాలి.

సరిహద్దు జిల్లాలవారికి దారులు

పిల్లలను పాఠశాలలలో, అంగన్‌వాడీలలో పరీక్షించే రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం 2013లో దేశమంతటా మొదలైంది. పుట్టుకతో వచ్చే హృదయలోపాలు దాని జాబితాలో ఉన్నాయి. పద్దెనిమిదేళ్ల వరకు ఇది వర్తిస్తుంది. అనుమానం వచ్చిన బిడ్డను జిల్లా కేంద్రానికి పంపుతారు. పరీక్షా బృందం వచ్చిననాడు బిడ్డ బడి మానకుండా చూడటం తల్లిదండ్రులు చేయగల మొదటి మేలు.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఆరోగ్యశ్రీ పథకం 2007 ఏప్రిల్ 1న ప్రయోగాత్మకంగా మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాలలో మొదలైంది. మూడూ సరిహద్దు జిల్లాలే. అయితే ఇటువంటి పథకాలకు మాతృభాష కాక, నివాసమున్న రాష్ట్రం ఆధారం. బళ్లారిలోని తెలుగు కుటుంబానికి కర్ణాటక పథకం, హోసూరులోని కుటుంబానికి తమిళనాడు పథకం వర్తిస్తాయి. 2018లో మొదలైన ఆయుష్మాన్ భారత్ కార్డు ఉన్నవారికి, గుర్తింపు పొందిన పొరుగు రాష్ట్రపు ఆసుపత్రిలోనూ చికిత్స పొందే వీలుంది. ఒడిశా ఇందులో 2025లో చేరింది.

1991లో పుట్టపర్తిలోనూ, 2001లో బెంగళూరు వైట్‌ఫీల్డ్‌లోనూ ఆరంభమైన శ్రీ సత్యసాయి ఉన్నత వైద్య సంస్థలు ప్రాంతభేదం లేకుండా ఉచితంగా గుండె చికిత్స అందిస్తున్నాయి. ఛత్తీస్‌గఢ్‌లోని నయా రాయపూర్‌లో ఉన్న శ్రీ సత్యసాయి సంజీవని ఆసుపత్రి పిల్లల గుండె జబ్బులకు ఉచిత చికిత్స చేస్తుంది. ఒడిశా, విదర్భ ప్రాంతాలవారికి ఇది చేరువ. తిరుపతిలో 2021 అక్టోబరులో తిరుమల తిరుపతి దేవస్థానం ఆధ్వర్యాన శ్రీ పద్మావతి చిన్నపిల్లల హృదయాలయం ప్రారంభమైంది.

వైద్యుని కలిసినప్పుడు ఐదు ప్రశ్నలు అడగాలి. రంధ్రం ఏ రకం? దాని కొలత ఎంత? చుట్టూ అంచు ఉన్నదా? ఊపిరితిత్తుల పీడనం ఎంత? ఎప్పటిలోగా పూడ్చాలి? జవాబులను ఏ భాషలో విన్నా కాగితం మీద రాయించుకోవాలి. ఎకో నివేదికలు, డిశ్చార్జి పత్రం, పరికరపు కార్డు ఒకే సంచిలో భద్రపరచాలి. బిడ్డ పెద్దయి పైచదువుకో, ఉద్యోగానికో మరో రాష్ట్రానికి వెళ్లినా, అక్కడి వైద్యునికి ఆమె గుండె చరిత్రను చెప్పేవి ఆ కాగితాలే.